విశ్వవిద్యాలయానికి విరాళం: షరతులు ఎంత బిగించాలి, ఎంత వదలాలి

అమ్మ పేరిట బంగారు పతకం పెట్టాలనుకునే కుటుంబానికి, చదివిన కాలేజీకి ఏదైనా చేద్దామని చేతులు కలిపిన పూర్వ విద్యార్థులకు, అమెరికాలో తెలుగు బోధన నిలవాలని డాలర్లు కూడబెడుతున్న సంఘానికి చివరికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఒప్పంద పత్రంలో షరతులు ఎంత గట్టిగా రాసుకోవాలి? వదులుగా రాస్తే డబ్బు ఎటు పోతుందోనని బెంగ. బిగించి రాస్తే పాతికేళ్ల తర్వాత ఎవరికీ అందకుండా బ్యాంకులో మూలుగుతుందేమోనని భయం. రెండూ నిజమైన భయాలే. రెండింటికీ సాక్ష్యాలు ఉన్నాయి, కోర్టు కేసులతో సహా.

నా అభిప్రాయం ముందే చెబుతాను. డబ్బు ఎందుకు ఇస్తున్నారో గట్టిగా రాయండి. ఎలా ఖర్చు పెట్టాలో వదులుగా రాయండి. మీరు రాసింది అమలు చేయలేని రోజు వస్తే ఏం చేయాలో కూడా మీరే రాసి పెట్టండి. ఈ మూడో భాగాన్ని చాలామంది దాతలు వదిలేస్తారు. తర్వాతి తరాల గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

ఏ షరతూ లేకుండా ఇవ్వడం

విశ్వవిద్యాలయ అధికారులు ఎక్కువగా కోరుకునే విరాళం ఇదే. కోరుకోవడానికి కారణమూ ఉంది. ప్రయోగశాలలో రసాయనాలు అయిపోతాయి, హాస్టల్ పైకప్పు కురుస్తుంది, గ్రంథాలయం పత్రికల చందా గడువు ముంచుకొస్తుంది. పైకప్పు మరమ్మతుకు తన పేరు పెట్టమని అడిగే దాత అరుదు కనుక ఇలాంటి వాటికి షరతులు లేని డబ్బే దిక్కు. ఇచ్చేది చిన్న మొత్తమైతే, ఆ సంస్థ లెక్కలు సరిగ్గా చూపిస్తుందని నమ్మకం ఉంటే, ఈ దారే మంచిది. యాభై వేల రూపాయలకు మూడు పేజీల ఒప్పందం రాయిస్తే కార్యాలయానికి పని పెరుగుతుంది తప్ప విద్యార్థికి ఒరిగేది ఉండదు.

జీతాలకూ పింఛన్లకూ నెలనెలా వెతుక్కునే సంస్థ అయితే మాత్రం ఆలోచించండి. సాధారణ ఖాతాలో పడిన డబ్బును ఎవరూ దుర్వినియోగం చేయకపోయినా, అది ఏ పనికి ఖర్చయిందో రెండేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు. పెద్ద మొత్తాన్ని, ముఖ్యంగా అసలు కదలకుండా వడ్డీ మీదే నడవాల్సిన శాశ్వత నిధిని, ఇలా ఇవ్వవద్దనే నా సలహా.

రంగం పేరు చెప్పి మిగతాది వదిలేయడం

ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి రోజుల్లో నేటి ఒడిశాలోని జయపూరు మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. అక్కడి సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. విజ్ఞానశాస్త్రం అనే ఉద్దేశం పాతబడదు. ఆనాడు లేని శాస్త్రాలు తర్వాత ఎన్ని పుట్టినా అవన్నీ దాని కిందే ఇముడుతాయి.

ఇంకాస్త దగ్గరి ఉదాహరణ అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో ఉంది. ఒక తెలుగు కుటుంబం విరాళంతో ఏర్పడిన ఆచార్య పదవి పేరులోనే తెలుగు సంస్కృతి, సాహిత్యం, చరిత్ర అని మూడూ ఉన్నాయి. ఈ కూర్పు నాకు చాలా నచ్చింది. తెలుగు అన్నచోట ఎక్కడా సడలింపు లేదు. తెలుగులో ఏది అన్నచోట మాత్రం తలుపు బార్లా తెరిచి ఉంది. ప్రబంధాలు చదివినవారు రావచ్చు, కూచిపూడిని పరిశోధించినవారు రావచ్చు, శాసనాలు చదివేవారు రావచ్చు. అదే పీఠాన్ని శతక సాహిత్యానికే పరిమితం చేసి ఉంటే, మొదటి ఆచార్యులు విరమించాక రెండోవారిని వెతకడమే ఒక యజ్ఞం అయ్యేది.

మరీ విశాలంగా రాసినా చిక్కే. ‘దక్షిణాసియా భాషల అభివృద్ధికి’ అని రాసిన నిధి హిందీకో సంస్కృతానికో వెళ్లిపోతే తప్పు విశ్వవిద్యాలయానిది కాదు. తెలుగు కోసం ఇస్తున్నప్పుడు తెలుగు అనే మాట పత్రంలో ఉండి తీరాలి.

మరో సంగతి: షరతు బరువును డబ్బు మోయగలగాలి. అమెరికా విశ్వవిద్యాలయాలు శాశ్వత నిధుల నుంచి సాధారణంగా ఏటా 4 నుంచి 5 శాతం వాడతాయి. 10 లక్షల డాలర్లు పోగుచేస్తే ఏటా చేతికొచ్చేది 40 వేల నుంచి 50 వేల డాలర్లు. అక్కడ ఒక ఆచార్యుడి పూర్తి జీతానికి అది చాలదు. అందుకే నిధి ఒక స్థాయికి చేరేవరకు ఆ ఆదాయంతో తెలుగు బోధకుడికి పాక్షిక వేతనం, చేరిన తర్వాత ఆచార్య పదవి అని మెట్లుగా రాసుకోవాలి. ఎన్నేళ్లలోగా చేరాలో, చేరకపోతే ఏమవుతుందో కూడా రాయాలి.

ప్రతిదీ రాసి బిగించడం

మన దగ్గర స్మారక నిధులు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. కాబట్టి కాస్త నిలిచి చూద్దాం. 1980 ప్రాంతంలో రాసిన ఒప్పందం ఒకటి ఊహించుకోండి.

‘ఈ నిధిపై వచ్చే వడ్డీతో ప్రతి సంవత్సరం ఎం.ఏ. తెలుగులో ప్రథమ స్థానం పొందిన, వరంగల్ జిల్లాకు చెందిన విద్యార్థినికి పది గ్రాముల బంగారు పతకం బహూకరించాలి.’

ఒక్క వాక్యం. చూడటానికి ఎంతో స్పష్టంగా ఉంది. ఇప్పుడు లెక్క చూడండి. 1980లో పది గ్రాముల బంగారం సుమారు 1,300 రూపాయలు. 15,000 రూపాయలను పది శాతం వడ్డీకి వేస్తే ఏటా 1,500 వచ్చేవి. పతకం చేయించి మజూరీ కూడా ఇవ్వగలిగేవారు. ఇవాళ అదే 15,000 మీద ఏడు శాతం చొప్పున వచ్చేది 1,050 రూపాయలు. గ్రాము ధర పది వేలు దాటిన ఈ రోజుల్లో దానితో గ్రాములో పదో వంతు కొనడమే కష్టం. పది గ్రాముల పతకం ఏటా ఇవ్వాలంటే కనీసం 15 లక్షల మూలధనం కావాలి, అదీ ధర ఇకపై పెరగదనుకుంటే. ఇక ఆ సంస్థ ముందున్నవి రెండే దారులు: బంగారు పూతతో సరిపెట్టుకోవడం, లేదా పతకం ఆపేయడం. రెండింటిలో ఏది చేసినా పత్రంలోని మాట తప్పినట్టే.

జిల్లా సంగతి మరీ విచిత్రం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. పాత వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది. 2019లో ములుగు వేరుపడింది. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. మరి జనగామ అమ్మాయి వరంగల్ జిల్లాకు చెందినదా, కాదా? దాత మనసులో ఉన్నది పాత జిల్లా. పత్రంలో ఉన్నది పేరు మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ప్రవేశ పరీక్షల పేర్లూ నిలవవు, ఎంసెట్ ఈఏపీసెట్ అయింది. జిల్లా, మండలం, పరీక్ష, కోర్సు, శాఖ: వీటన్నిటి ఆయుష్షు మీ నిధి ఆయుష్షు కంటే తక్కువ.

అమెరికాలో ఇదే తప్పు కోట్ల డాలర్ల స్థాయిలో జరిగింది. 1961లో ఒక దంపతులు ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయానికి 3.5 కోట్ల డాలర్ల విలువైన వాటాలు ఇచ్చారు. ఆ ఇల్లాలు ఏ అండ్ పీ కిరాణా దుకాణాల సంపదకు వారసురాలు. ప్రభుత్వ సేవకు, అందులోనూ విదేశీ వ్యవహారాల సేవకు యువతను తయారు చేయాలన్నది ఆ విరాళం ఉద్దేశం. నిధి పదుల కోట్ల డాలర్లకు పెరిగింది. పట్టభద్రుల్లో ప్రభుత్వ విదేశీ వ్యవహారాల వైపు వెళ్తున్నవారు చాలా తక్కువని, డబ్బు వేరే పనులకు మళ్లుతోందని దాతల పిల్లలు 2002లో దావా వేశారు. ఆరేళ్ల పోరాటం తర్వాత 2008 డిసెంబరులో రాజీ కుదిరింది. కుటుంబం న్యాయపోరాటానికి పెట్టిన ఖర్చు కింద 4 కోట్ల డాలర్లు, అదే ఆశయంతో కుటుంబం నడిపే కొత్త ఫౌండేషన్‌కు 5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ప్రిన్‌స్టన్ ఒప్పుకుంది. విశ్వవిద్యాలయం తన లాయర్లకు పెట్టిన కోట్లు వేరే. అదంతా చదువులకు పోవాల్సిన డబ్బు.

ఈ కేసు నుంచి దాతలు తీసుకోవాల్సింది ఒకటుంది. ఫలానా కోర్సు నడపాలి, ఇంతమందికి ఫీజు ఇవ్వాలి అంటే అది విశ్వవిద్యాలయం చేతిలో పని. చదువు ముగించిన విద్యార్థి ఏ ఉద్యోగంలో చేరతాడన్నది దాని చేతిలో లేదు. చేతిలో లేని ఫలితాన్ని షరతుగా పెడితే మాట తప్పారో లేదో తేల్చడమే ఎవరికీ సాధ్యం కాదు. ‘డాక్టరై మా ఊళ్లోనే వైద్యం చేయాలి’ అనే షరతూ ఈ కోవలోదే. ఆ కోరిక గొప్పది. దాన్ని నెరవేర్చాలంటే ఆ ఊళ్లో పనిచేసిన ఏళ్లకు ఫీజు తిరిగి చెల్లించే పథకం పెట్టాలి.

యేల్ విశ్వవిద్యాలయంలో గీత ఇంకో చోట దాటారు. 1991లో పాశ్చాత్య నాగరికత పాఠ్యక్రమం కోసం 2 కోట్ల డాలర్లు ఇచ్చిన దాత, ఆ పాఠాలు చెప్పే ఆచార్యుల ఎంపికలో తన ఆమోదం ఉండాలని కోరాడు. యేల్ ఒప్పుకోలేదు. 1995లో మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చేసింది. ఎవరు పాఠం చెప్పాలో దాత నిర్ణయిస్తే అది విశ్వవిద్యాలయం కాదు, యేల్ చేసింది సరైన పనే అని నేను గట్టిగా నమ్ముతాను.

మిస్సోరీ విశ్వవిద్యాలయానికి 2002లో వీలునామా ద్వారా వచ్చిన 50 లక్షల డాలర్ల కథ మరో రకం. ఆస్ట్రియన్ ఆర్థిక సంప్రదాయాన్ని, అంటే ఆర్థికవేత్త మీసెస్ శిష్యుల స్వేచ్ఛా మార్కెట్ వాదాన్ని నిష్ఠగా నమ్మే ఆచార్యులనే నియమించాలని దాత రాశారు. అంతటితో ఆగలేదు. షరతు పాటిస్తున్నామని నాలుగేళ్లకోసారి మిషిగన్‌లోని హిల్స్‌డేల్ కళాశాలకు ధ్రువీకరించాలని, పాటించకపోతే డబ్బు ఆ కళాశాలకే చెందుతుందని కూడా రాశారు. హిల్స్‌డేల్ 2017లో కోర్టుకెక్కింది. 2019 రాజీలో దానికి 46 లక్షల డాలర్లు దక్కాయి. కాపలాదారును పెట్టే ఉపాయం పనిచేసిందన్నమాట. కానీ కాపాడమన్న షరతే నియామకాల్లో నమ్మకాలను తూచమనేది కావడంతో గొడవ తప్పలేదు. అమెరికాలోనైనా ఇక్కడైనా ఒక మనిషి మనసులోని నమ్మకాన్ని ఏ రిజిస్ట్రారూ ధ్రువీకరించలేడు.

ఉద్దేశం గట్టిగా, మార్గం వదులుగా

కలకత్తా విశ్వవిద్యాలయానికి 1912లో తారకనాథ్ పాలిత్ ఇచ్చిన విరాళంతో ఏర్పడిన భౌతికశాస్త్ర ఆచార్య పదవికి రెండు ముఖ్యమైన షరతులు ఉండేవి. ఆచార్యుడు భారతీయుడే కావాలి. అతడు విదేశంలో శిక్షణ పొంది ఉండాలి. మొదటిది దాత గుండెలోంచి వచ్చిన మాట. పరాయి పాలనలో మనవాళ్లు సైన్సులో ఎవరికీ తీసిపోరని చూపించడమే ఆ దానం లక్ష్యం. రెండోది ఆనాటికి తోచిన మార్గం. ఆ పదవికి వైస్ ఛాన్సలర్ అశుతోష్ ముఖర్జీ ఎంచుకున్న సి.వి.రామన్ శిక్షణ కోసం విదేశానికి వెళ్లడానికి ససేమిరా అన్నారు. రామన్ కోసం రెండో షరతు సడలించారు. 1917లో ఆయన పదవి చేపట్టారు. ఆ పీఠంలో ఉండగానే 1928లో రామన్ ఎఫెక్ట్, 1930లో నోబెల్. రెండు షరతుల్లో ఏది ప్రాణమో, ఏది పైపూతో గుర్తించగలిగిన మనిషి అక్కడ ఉండడం అదృష్టం. అలాంటివారు ప్రతి తరంలో ఉంటారని చెప్పలేం. ఏది ప్రాణమో పత్రమే చెప్పాలి.

పైన చెప్పిన పతకం ఒప్పందాన్ని నేనైతే ఇలా తిరగరాస్తాను:

‘తెలుగు సాహిత్యంలో ఉన్నత విద్య చదివే విద్యార్థినులను ప్రోత్సహించడం ఈ నిధి ఉద్దేశం. ఏటా వచ్చే ఆదాయంలో నాలుగో వంతు అసలుకు కలపాలి. మిగిలిన దానితో పీజీ స్థాయిలో ప్రతిభ చూపిన విద్యార్థినికి మా తల్లి పేరిట పురస్కారం ఇవ్వాలి. అది పతకమా, నగదా, పుస్తకాలా అన్నది శాఖ నిర్ణయిస్తుంది. 2016 అక్టోబరు 11కు ముందున్న వరంగల్ జిల్లా ప్రాంతం వారికి ప్రాధాన్యం. అక్కడివారు లేని ఏడాది తెలంగాణలోని ఎవరికైనా ఇవ్వవచ్చు. వరుసగా రెండేళ్లు ఎవరికీ ఇవ్వలేకపోతే ఆ ఆదాయంతో శాఖ గ్రంథాలయానికి పుస్తకాలు కొనాలి. తెలుగు శాఖ వేరే శాఖలో కలిస్తే నిధి కూడా ఆ శాఖకు, ఇదే ఉద్దేశంతో వెళ్తుంది.’

పొడవు పెరిగింది, నిజమే. కానీ ఇందులో ‘తప్పనిసరి’ అన్నది తెలుగు, ఆడపిల్లల చదువు, తల్లి పేరు ఈ మూడే. తక్కినవన్నీ ప్రాధాన్యాలు. ప్రాధాన్యం అని రాస్తే అర్హులు ఉన్న ఏడాది వారికే అందుతుంది, లేని ఏడాది డబ్బు ఆగదు.

తిరగరాసిన ఒప్పందంలోని చివరి రెండు వాక్యాలు లేకపోతే ఎంత ఇబ్బందో చట్టం చూస్తే తెలుస్తుంది. ఇండియాలో ప్రజాహిత ట్రస్టు ఉద్దేశం మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలి. అడ్వకేట్ జనరల్ గానీ, కోర్టు అనుమతి తీసుకుని ఆ ట్రస్టుతో ప్రయోజనం ముడిపడిన కనీసం ఇద్దరు గానీ దావా వేయాలి. చిన్న నిధి కోసం ఎవరు ఆ శ్రమ పడతారు? అమెరికాలో విరాళ నిధుల నిర్వహణపై 2006 నాటి నమూనా చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. పెన్సిల్వేనియా తప్ప మిగతా రాష్ట్రాలు దాన్ని స్వీకరించాయి. ఆ నమూనా ప్రకారం 25 వేల డాలర్ల లోపు విలువ ఉండి, ఇరవై ఏళ్లు దాటిన నిధి షరతును రాష్ట్ర అటార్నీ జనరల్‌కు ముందుగా తెలియజేసి, కోర్టుకు వెళ్లకుండానే మార్చుకోవచ్చు. అప్పుడు కూడా దాత పత్రంలో చెప్పిన ధర్మకార్యానికి అనుగుణంగానే వాడాలి. ఆ కార్యం ఏమిటో మీరు స్పష్టంగా రాయకపోతే ఆ అనుగుణతను ఇంకెవరో నిర్ణయిస్తారు.

మీకు ఏది సరిపోతుంది

ముందు నిధి ఆయుష్షు చూసుకోండి. మూడేళ్లలోనో అయిదేళ్లలోనో మొత్తం ఖర్చయిపోయే విరాళమైతే ఎంతైనా బిగించవచ్చు. ‘ఈ ప్రయోగశాలకు ఈ యంత్రం’ అని రాసినా తప్పు లేదు. మీరు చూస్తుండగానే పని పూర్తవుతుంది. శాశ్వత నిధి అయితే ప్రతి విశేషణాన్నీ తూచి చూడండి. యాభై ఏళ్ల తర్వాత కూడా ఈ మాటకు ఇదే అర్థం ఉంటుందా అని అడగండి. అనుమానం వస్తే దాన్ని తప్పనిసరి నుంచి ప్రాధాన్యానికి దించండి.

తర్వాత మొత్తం. చిన్నదైతే ఒకే షరతు, లేదా అసలు వద్దు. అదే ఊరివాళ్లో అదే బ్యాచ్ వాళ్లో పెట్టిన నిధి ఇప్పటికే ఉంటే అందులో కలపడం ఉత్తమం. విడివిడి చిన్న నిధుల కంటే ఒక పెద్ద నిధి విద్యార్థికి ఎక్కువ ఉపయోగపడుతుంది. పూర్తి ఫీజు కట్టగలగడం వేరు, నలుగురి పేర్లతో నాలుగు చిన్న చెక్కులు ఇవ్వడం వేరు.

ఆ తర్వాత సంస్థ తీరు. పాత స్మారక నిధుల జాబితా, నిరుటి ఖర్చుల లెక్క అడగండి. అడిగిన వారంలో చూపించే సంస్థకు వదులుగా ఇవ్వవచ్చు. వెతకాలి, ఆ గుమస్తా బదిలీ అయ్యాడు అనే చోట షరతులు పెంచడం వల్ల లాభం లేదు, చదివేవారే లేని పత్రంలో ఎన్ని రాస్తే ఏమిటి? అక్కడ శాశ్వత నిధి మానేసి ఏటా మీరే చెల్లించే స్కాలర్‌షిప్ పెట్టుకోండి.

రాయకూడనివి

విద్యార్థిని మీరే ఎంపిక చేస్తామని రాయవద్దు. ఎంపిక సంఘంలో కూర్చోవాలనిపిస్తే ఒక్క స్థానం, అదీ నిర్ణయాధికారం లేకుండా. అమెరికాలో ఫలానా వ్యక్తికే అని చెప్పి ఇస్తే పన్ను మినహాయింపు కూడా పోతుంది.

‘మా కులం పిల్లలకే’ అని రాయవద్దు. ఇది మన దగ్గర ఎంత మామూలు కోరికో తెలుసు కనుకే గట్టిగా చెబుతున్నాను. ఒక మతానికో కులానికో పరిమితమైన సంస్థలకు ఆదాయపు పన్ను మినహాయింపుల్లో ఆటంకాలు ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లలకు ఉద్దేశించినవి వేరే సంగతి. చట్టం మాట పక్కన పెట్టినా, చదువులమ్మ గుడిలో కులం అడిగే పత్రం మీద మీ తల్లి పేరు ఉండడం న్యాయం కాదు. పేద పిల్లలకు అనండి, ఇంట్లో తొలి తరం చదువరికి అనండి.

భవనానికి పేరు పెట్టించుకుంటే కాలపరిమితి రాసుకోండి. తర్వాత వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో కలిసిన పీబాడీ కళాశాల 1933లో 50 వేల డాలర్లు తీసుకుని ఒక వసతి భవనానికి ‘కాన్ఫెడరేట్’ అని పేరు పెట్టింది. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని కాపాడుకోవడానికి పోరాడిన పక్షం పేరు అది. ఆ మాట తీసేయడానికి 2016లో వాండర్‌బిల్ట్ 12 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది.

డబ్బు విదేశం నుంచి వస్తుంటే

భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, భారత మూలాలున్న విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. అప్పుడు ఆ సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ మినహాయింపు గానీ ఉండాలి. సంతకానికి ముందే ఆ కాగితం అడగండి.

ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఇలా వచ్చిన డబ్బును తీసుకున్న సంస్థ మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అంటే ‘ఈ కాలేజీ వాడుకోలేకపోతే పక్క ఊరి కాలేజీకి ఇవ్వాలి’ అనే ప్రత్యామ్నాయం విదేశీ విరాళం విషయంలో అమలు కాదు. మీ ప్రత్యామ్నాయం అదే సంస్థ లోపల ఉండాలి: వేరే శాఖ, గ్రంథాలయం, హాస్టల్ ఫీజుల నిధి. పూర్వ విద్యార్థుల బృందంలో రెండు రకాల పౌరులూ ఉంటే రెండు ఖాతాలు, రెండు పత్రాలు పెట్టుకోండి. రెండింట్లోనూ ఉద్దేశం వాక్యం మాత్రం అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండేలా చూసుకోండి. ఏటా నివేదిక ఎవరికి పంపాలో, మీ తదనంతరం మీ తరఫున ఎవరు మాట్లాడతారో హోదాతో రాయండి. పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి అనో, కుటుంబంలో వయసులో పెద్దవారు అనో రాస్తే, మనుషులు మారినా ఆ నివేదిక తెరిచి చూసేవారు ఒకరు ఉంటారు.